చిన్న కోయ్ పిల్లల్ని చలికాలం ఇంట్లో ఉంచాలంటే: ముందు నీళ్ల వేడి సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: ఈ వేసవిలో కొన్న కోయ్ (కొలనులో పెంచే రంగుల కార్ప్ చేప) పిల్లలు పద్నాలుగు ఉన్నాయి, ఒక్కొక్కటి సుమారు 12 సెంటీమీటర్లు. కొలను లోతు రెండడుగులే, చలికాలంలో పైన మంచు గడ్డ కడుతుంది. గ్యారేజీలో 300 లీటర్ల గాజు ట్యాంకు పెట్టి చలి పోయేదాకా వాటిని అందులో ఉంచొచ్చా? హీటర్ తప్పదా? మేత ఎంత వెయ్యాలి? మళ్లీ బయటికి ఎప్పుడు వదలాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. లోపలికి తెచ్చెయ్యండి, ఈ సైజు పిల్లల్ని ఆ లోతులో వదలకండి. 300 లీటర్లు చాలవు, 1000 లీటర్ల తొట్టి చూడండి. హీటర్ పెట్టి నీళ్లు 18 నుంచి 20 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచండి. కొలను ఫిల్టర్‌లో ఉన్న పాత మీడియాలో (బాక్టీరియా పట్టి ఉన్న స్పాంజీలు, ప్లాస్టిక్ ముక్కల్లో) కొంత తెచ్చి లోపలి ఫిల్టర్‌లో వెయ్యండి, కొత్త ఫిల్టర్‌తో మొదలుపెట్టకండి. తొట్టి మీద వల కప్పండి. కొలను నీళ్లు తెల్లవారుజామున చూసినా 15 డిగ్రీలు తగ్గకుండా ఉన్నప్పుడే తిరిగి వదలండి. ఇక కారణాలు.

కోయ్ చలికి తట్టుకోలేని చేప కాదు. మంచు కింద నెలల తరబడి బతుకుతుంది. కానీ అలా బతికేది ఒంట్లో కొవ్వు దాచుకున్న చేప. నీళ్లు 10 డిగ్రీల కంటే దిగితే అది దాదాపు తినడం మానేస్తుంది, దాచుకున్నదాంతోనే గడపాలి. 40 సెంటీమీటర్ల చేపకి ఆ నిల్వ ఉంటుంది. ఒక్క వేసవి చూసిన 12 సెంటీమీటర్ల పిల్లకి అంత ఉండదు. చలి నడిమధ్యలో కంటే చివర్లో, నీళ్లు కాస్త వేడెక్కుతున్న రోజుల్లో ఇలాంటి పిల్లలు ఎక్కువ చనిపోతాయి. చాలామంది గండం గడిచిందనుకుని సంతోషించే సమయం అదే. జపాన్‌లో కోయ్‌కి పుట్టిల్లయిన నిగాటా కొండల్లో పెంపకందారులు కూడా మంచు పడకముందే, అక్టోబర్ ప్రాంతంలో, మట్టి చెరువుల్లోంచి చేపల్ని తీసి లోపలి తొట్లలోకి మారుస్తారు. వాళ్లు తోసాయ్ అని పిలిచే మొదటి ఏడాది పిల్లల్ని వేడి చేసిన నీళ్లలో పెంచుతారు. ఆ ఊళ్లలో మంచు మనిషి ఎత్తు దాటి పడుతుంది, వాళ్లకి ఇది సరదా కాదు, అవసరం.

మీ చేపలు 25 సెంటీమీటర్లు దాటి, కొలను నాలుగడుగుల పైన లోతు ఉంటే ఈ సలహా ఇచ్చేవాణ్ని కాదు. వాటిని కదల్చకుండా బయటే వదిలెయ్యమని చెప్పేవాణ్ని.

ట్యాంకు కొనకముందే నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర నిలబెడతారో తేల్చుకోండి. మిగతావన్నీ, అంటే తొట్టి సైజు, ఫిల్టర్, మేత, కరెంటు ఖర్చు, దాన్నిబట్టే వస్తాయి. నీళ్లు వెచ్చగా ఉంటే చేప తింటుంది. తింటే అమ్మోనియా (చేప వ్యర్థంలోంచి వచ్చే విషం) వస్తుంది. అమ్మోనియా వస్తే దాన్ని మార్చెయ్యడానికి ఫిల్టర్‌లోని బాక్టీరియా పనిచెయ్యాలి. ఈ వరసలో ఏ ఒక్కటి తప్పినా చేపకి కొలనులో మంచు కిందే సుఖం.

అన్నిటికంటే చెడ్డది అరకొర వేడి. 8 నుంచి 13 డిగ్రీల మధ్య ఊగే నీళ్లు. ఆ వేడిలో చేప రోగనిరోధక శక్తి మందకొడిగా ఉంటుంది. ఫిల్టర్‌లోని బాక్టీరియా సగం నిద్రలో ఉంటుంది. చేప మీద బతికే పురుగులకీ, పుండ్లు తెచ్చే బాక్టీరియాకీ మాత్రం అంత నిద్ర ఉండదు. కోస్టియా అనే పరాన్నజీవి అయితే 10 డిగ్రీల్లో కూడా హాయిగా పెరుగుతుంది. నాకు తెలిసిన ఒకాయన గ్యారేజీలో హీటర్ లేకుండా తొట్టి పెట్టారు. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ పడి నీళ్లు 14 దాకా వెళ్లేవి, తెల్లారేసరికి 7కి దిగేవి. మధ్యాహ్నం చేపలు ఆకలిగా తిరుగుతున్నాయని ఆయన మేత వేసేవారు, అది అరగకముందే రాత్రి చలి పడేది. చలికాలం చివరికి సగం చేపల ఒంటి మీద పుండ్లు. బయట కొలనులో వదిలేసిన పెద్ద చేపలకి ఏమీ కాలేదు.

హీటర్ అసలు కుదరదంటే, గదిని 12–15 దగ్గర నిలకడగా ఉంచగలిగితే అది రెండో దారి. అప్పుడు గోధుమ మొలక మేత రోజుకొకసారి, నాలుగైదు నిమిషాల్లో అయిపోయేంత. అది పెరుగుదల కోసం కాదు, ఒళ్లు చిక్కిపోకుండా ఉండటానికి. కానీ మీ పిల్లల సైజు చూస్తే నా ఓటు 18–20కే. అంతకంటే పైకి, 24–25కి ఎక్కించమని కొందరు చెప్తారు, త్వరగా పెరుగుతాయని. పెరుగుతాయి నిజమే. ఫిల్టర్ మీద భారం కూడా అలాగే పెరుగుతుంది, నీళ్లలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఆ జోలికి పోకపోవడమే మంచిది.

300 లీటర్లు ఎందుకు చాలవో లెక్క చూపిస్తాను. 12 సెంటీమీటర్ల కోయ్ సుమారు 25 గ్రాములు తూగుతుంది. పద్నాలుగు కలిపి 350 గ్రాములు. 20 డిగ్రీల దగ్గర ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మేత వేస్తే రోజుకి 5 గ్రాములు. 40 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 గ్రాములు తింటే 3.7 గ్రాముల దాకా అమ్మోనియా నైట్రోజన్ వస్తుందని చేపల పెంపకంలో వాడే లెక్క. అంటే మీ చేపల నుంచి రోజుకి 0.2 గ్రాములు. 300 లీటర్లలో ఫిల్టర్ పనిచెయ్యకపోతే అది ఒక్క రోజుకే లీటరుకి 0.6 మిల్లీగ్రాములు. 1000 లీటర్లలో 0.2. మొదట్లో ఇది పెద్దగా కనిపించదు. కానీ వెచ్చటి నీళ్లలో ఈ పిల్లలు చలికాలం ముగిసేసరికి 18 సెంటీమీటర్లకి వస్తే ఒక్కొక్కటి 85 గ్రాములు దాటుతుంది, మొత్తం 1.2 కిలోలు. మేత 18 గ్రాములు, అమ్మోనియా మూడింతల పైన. 300 లీటర్ల ట్యాంకులో ఒక్క పూట కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే చేపలు ప్రమాదంలో పడతాయి. 1000 లీటర్లు ఉంటే మీకు ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుంది. పెద్ద తొట్టితో నాకు కనిపించే అసలు లాభం ఈ టైమే.

ట్యాంకు ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది, కాబట్టి చిన్నదైనా పర్లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. చిన్న ట్యాంకులో చేప పెరగకపోవడం సర్దుకుపోవడం వల్ల కాదు, నీళ్లు బాగోలేక గిడసబారడం వల్ల. అలా ఒక చలికాలం గిడసబారిన పిల్ల తర్వాత ఎంత మంచి కొలనులో వేసినా దాని తోటిదాన్ని అందుకోవడం కష్టం.

గాజు ట్యాంకు కంటే గుండ్రటి ప్లాస్టిక్ లేదా ఫైబర్ తొట్టి నయం. మూలలు ఉండవు, నీళ్లు నెమ్మదిగా గుండ్రంగా తిరిగితే చెత్త మధ్యలోకి చేరుతుంది, అక్కణ్నుంచి గొట్టంతో లాగెయ్యొచ్చు. కోయ్ అందాన్ని పైనుంచే చూస్తారు కాబట్టి చూడ్డానికి కూడా లోటు లేదు. ఒక్క మాట: 1000 లీటర్లంటే టన్ను బరువు, తొట్టి బరువు కాకుండానే. కింది అంతస్తులో కాంక్రీటు నేల మీదే పెట్టండి. మేడ మీద గదిలో పెట్టాలనుకుంటే ముందు ఇంజినీర్‌ని అడగండి.

వల కప్పడం మర్చిపోవద్దు. కొత్త చోటికి తెచ్చిన కోయ్ మొదటి రెండు వారాలు ఎగురుతుంది. నీళ్ల మట్టం అంచుకి జానెడు కింద ఉన్నా ఎగురుతుంది. వల అంచుల్ని బరువులతోనో క్లిప్పులతోనో బిగించాలి, ఊరికే పైన పరిస్తే చేప తలతో నెట్టుకుని బయటపడుతుంది. లైటు హఠాత్తుగా వేసినా బెదిరి ఎగురుతాయి. గ్యారేజీలో ముందు దూరంగా ఉన్న చిన్న లైటు వేసి, కాసేపాగి తొట్టి పైది వెయ్యండి. రోజంతా చీకట్లో ఉంచడం కూడా మంచిది కాదు, పది గంటలు వెలుతురు ఉంటే చాలు.

ఇక ఫిల్టర్. కొత్త ఫిల్టర్ కొని పెట్టి, స్విచ్చి వేసి, చేపల్ని వదిలితే అది ఫిల్టర్ కాదు, ఖాళీ డబ్బా. అందులో బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చల్లటి నీళ్లలో ఇంకా ఎక్కువ. అందుకే కొలను ఫిల్టర్‌లోని స్పాంజీలు, ప్లాస్టిక్ మీడియా ఇప్పుడే, కొలను నీళ్లు ఇంకా 14–15 ఉండగానే, కొంత తీసి లోపలి ఫిల్టర్‌లో వెయ్యండి. తెచ్చేటప్పుడు ఎండనివ్వకండి, కుళాయి నీళ్లతో కడగకండి, కొలను నీళ్లలోనే ఒకసారి జాడించి బకెట్‌లో తడిగా తీసుకురండి. చేపల్ని అదే రోజు వదిలెయ్యాలి, ఎందుకంటే అమ్మోనియా అందకపోతే ఆ బాక్టీరియా కూడా పస్తే.

మొదటి నెల రోజూ అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియాని బాక్టీరియా మార్చేటప్పుడు మధ్యలో వచ్చే ఇంకో విషం) పరీక్ష చెయ్యండి. చుక్కల మందు టెస్ట్ కిట్ కొనండి, కాగితం పట్టీలు అంత నమ్మకం కావు. రెండూ సున్నా ఉండాలి. ఏ ఒక్కటి రంగు చూపించినా ఆ రోజు మేత ఆపేసి నీళ్లు మార్చండి. బాటిల్‌లో అమ్మే ఏ మందూ మేత ఆపినంత త్వరగా పనిచెయ్యదు. 12 సెంటీమీటర్ల పిల్ల రెండు మూడు రోజులు తినకపోతే ఏమీ కాదు. అమ్మోనియా అంకెతో పాటు పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) కూడా చూడాలి. 20 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం కూడా కాదు. పీహెచ్ 8 ఉంటే అది 4 శాతం దగ్గరికి వస్తుంది. ఒకే అంకె ఒకరి తొట్టిలో ఇబ్బంది పెట్టకపోవడం, ఇంకొకరి తొట్టిలో మొప్పలు కాల్చెయ్యడం ఇందుకే.

దీని పక్కనే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది, కేహెచ్, అంటే నీళ్లలో కార్బొనేట్ల నిల్వ. ఫిల్టర్‌లో బాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని మార్చడానికి 7 గ్రాముల క్షారాన్ని తినేస్తుంది. పైన వేసిన లెక్క ప్రకారం చలికాలం చివరికి మీ 1000 లీటర్ల తొట్టిలో కేహెచ్ వారానికి దాదాపు రెండు డిగ్రీలు (ఇవి వేడి డిగ్రీలు కావు, కేహెచ్ కొలత) పడిపోతుంది. కొలనులో వాన, మట్టి, కొత్త నీళ్లు కలిసి ఏదో సర్దుకుంటుంది. లోపలి తొట్టిలో సర్దేవాళ్లు ఎవరూ లేరు, మీరే. నిల్వ అయిపోయిన రోజు పీహెచ్ ఒక్క రాత్రిలో కూలుతుంది, ఫిల్టర్ ఆగిపోతుంది, చేపలు అడుక్కి చేరి రెక్కలు ముడుచుకుంటాయి. వారానికొకసారి కేహెచ్ చూడండి, 5 తగ్గకుండా ఉంచండి. తగ్గితే వంట సోడా: 1000 లీటర్లకి 30 గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. ఒక బకెట్ నీళ్లలో కరిగించి నెమ్మదిగా పొయ్యండి. బేకింగ్ పౌడర్ కాదు, వట్టి సోడా.

గాలి విషయం. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకి 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 20 డిగ్రీల్లో 9. చేప అవసరం మాత్రం వేడితో పెరుగుతుంది, ఫిల్టర్‌కీ వాటా కావాలి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవాలి, రెండు ఎయిర్ స్టోన్లు ఉంటే ఒకటి మూసుకుపోయినా ఇంకొకటి ఉంటుంది. గ్యారేజీ అన్నారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను: ఎయిర్ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి పంపుతుంది. అక్కడ కారు స్టార్ట్ చెయ్యడం, పెయింటు వెయ్యడం, దోమల స్ప్రే కొట్టడం, వార్నిష్ డబ్బా మూత తియ్యడం, ఏదీ వద్దు. దోమలకి కొట్టే పైరిథ్రాయిడ్ మందులు చేపలకి అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. కుదిరితే పంపుని పక్క గదిలో పెట్టి గొట్టం మాత్రం తొట్టిలోకి తెచ్చుకోండి.

కరెంటు పోవడం మీ చోట మామూలే అయితే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి, ఖర్చు హీటర్ కంటే తక్కువే ఉంటుంది. నీళ్ల వేడి పర్లేదు, మూత ఉన్న తొట్టి రాత్రంతా కూడా మెల్లగానే చల్లబడుతుంది. ముందు అయిపోయేది ఆక్సిజన్. మూసి ఉండే డబ్బా ఫిల్టర్ అయితే కొన్ని గంటలు ఆగాక లోపల నీళ్లు కుళ్లిపోతాయి. కరెంటు రాగానే ఆ నీళ్లని తొట్టిలోకి వదలకుండా బయట పారబోసి, తర్వాత మొదలుపెట్టండి.

హీటర్ గురించి చాలామంది వాట్లు అడుగుతారు. నేను తిరిగి మూత ఉందా అని అడుగుతాను. 1000 లీటర్ల నీళ్లని ఒక్క డిగ్రీ పెంచడానికి 1.16 యూనిట్ల కరెంటు కావాలి, అది తప్పించుకోలేం. కానీ ఒకసారి వేడెక్కాక అయ్యే ఖర్చంతా బయటికి పోయే వేడిదే. ఎక్కువ పోయేది నీళ్ల పైభాగం నుంచి, ఆవిరిగా. తొట్టి కింద, చుట్టూ 5 సెంటీమీటర్ల థర్మోకోల్, పైన పారదర్శకమైన మూత వేస్తే 10 డిగ్రీల గదిలో కూడా 300 వాట్ల హీటర్ చాలావరకు తీరిగ్గా కూర్చుంటుంది. మూత లేకపోతే అదే హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది, పైగా గోడలన్నీ చెమ్మ పట్టి బూజు. మూతకి ఒక పక్క వేలెడు సందు వదలండి, గాలి ఆడాలి.

ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి పెట్టడం నా అలవాటు. థర్మోస్టాట్ పాడై ఒకటి ఆగకుండా కాలినా చేపలు ఉడికిపోవు, ఒకటి చచ్చిపోయినా నీళ్లు ఒక్కసారిగా చల్లబడవు. హీటర్‌ని ఫిల్టర్ గదిలో పెడితే చేపలు దానికి తగలవు, నీళ్లు మార్చేటప్పుడు మాత్రం ముందు స్విచ్చి ఆపాలి. నీళ్లలో లేకుండా కాలిన హీటర్ పగులుతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) లేని లైనుకి ఇవేవీ తగిలించకండి. చేపల కోసం కాదు, మీ చెయ్యి ఆ నీళ్లలో పెట్టేది మీరే కాబట్టి. హీటర్ మీద అంకె నమ్మకుండా విడిగా థర్మామీటర్ వెయ్యండి.

ఇప్పుడు చేపల్ని మార్చడం. కొలను నీళ్లు 14–15 ఉండగానే మార్చండి, చేప ఇంకా చురుగ్గా తింటున్నప్పుడు. బాగా చల్లబడ్డాక వలేసి పడితే ఒంటి మీది జిగురు పోయిన చోట త్వరగా మానదు. రెండు రోజులు మేత ఆపి, వలతో దారి చూపించి బేసిన్‌లోకి మళ్లించి, బేసిన్‌తోనే ఎత్తండి. వలలో ఎత్తితే రెక్కలు చీలతాయి, పొలుసులు లేస్తాయి. తొట్టిలో సగానికి పైగా కొలను నీళ్లే పొయ్యండి, వేడి కూడా కొలనులో ఉన్నంతే ఉండాలి. ఆ తర్వాత హీటర్ రోజుకి ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. వారం పడుతుంది, పట్టనివ్వండి.

వెచ్చదనం చేపలతో పాటు వాటి మీది పురుగుల్నీ లేపుతుంది. తెల్లమచ్చల వ్యాధి తెచ్చే జీవికి 10 డిగ్రీల్లో ఒక తరం గడవడానికి వారాలు పడుతుంది, 24–25 డిగ్రీల్లో వారం లోపే. మొదటి రెండు మూడు వారాలు రోజూ కాసేపు ఊరికే చూడండి. ఒళ్లు తొట్టికేసి రుద్దుకోవడం, రెక్కలు ముడుచుకోవడం, ఎయిర్ స్టోన్ దగ్గరే నిలబడటం, ఒంటి మీద బూడిద పొర, వీటిలో ఏది కనిపించినా జిగురు కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూడాలి. మీకు లేకపోతే ఉన్నవాళ్లని వెతకండి. ఏ పురుగో తెలియకుండా మందు మీద మందు పొయ్యడం వల్ల పోయిన చేపలు, పురుగు వల్ల పోయినవాటికంటే తక్కువేం కావని నా అనుమానం. ఫ్లూక్ (చర్మం, మొప్పల మీద పట్టే చిన్న పురుగు) అని తేలితే ప్రాజిక్వాంటెల్ అనే మందు పనిచేస్తుంది, మొప్పల ఫ్లూక్ గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక్క మోతాదుతో ఆపకూడదు.

ఇంకో హెచ్చరిక. చలికాలం మధ్యలో ఎక్కడో మంచి చేప కనిపించిందని కొని ఇదే తొట్టిలో వెయ్యకండి. కోయ్ హెర్పిస్ వైరస్ జబ్బు చూపించేది 16 నుంచి 28 డిగ్రీల మధ్య. మీరు నీళ్లు సరిగ్గా ఆ వేడిలోనే ఉంచుతున్నారు. చల్లటి నీళ్లలో ఏ లక్షణమూ లేని చేప మీ తొట్టిలోకి వచ్చాక ఆ జబ్బు బయటపెట్టొచ్చు. దానికి మందు లేదు. 1998లో ఇజ్రాయెల్‌లో పెద్ద ఎత్తున చేపలు చచ్చిపోయినప్పటి నుంచి పెంపకందారులు దీనికి భయపడుతూనే ఉన్నారు. కొత్త చేపకి వేరే తొట్టి, వేరే వల, వేరే బకెట్.

ఉప్పు అందరూ చెప్తారు, నేనూ చెప్తాను, కానీ ఎప్పుడూ వేసి ఉంచమని చెప్పను. నైట్రైట్ కనిపించినప్పుడు 1000 లీటర్లకి ఒక కిలో వేస్తే మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. కొన్ని పరాన్నజీవులకి మూడు కిలోల దాకా, రెండు మూడు రోజుల్లో విడతలుగా కరిగించి వేస్తారు. పని అయ్యాక నీళ్లు మారుస్తూ తగ్గించెయ్యండి. ఫిల్టర్‌లో జియోలైట్ (అమ్మోనియాని పీల్చే రాయి) ఉంటే ఉప్పు వేసేముందు తీసెయ్యండి. అమ్మోనియాని పీల్చి దాచుకున్న జియోలైట్ ఉప్పు తగలగానే దాన్నంతా తిరిగి నీళ్లలోకి వదిలేస్తుంది. చేపకి మందు అనుకుని వేసినదే గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది.

మేత: మొదటి మూడు రోజులు వద్దు. తర్వాత పైన చెప్పిన ఒకటిన్నర శాతం లోపే, రోజుకి మూడు నాలుగు విడతలుగా. కోయ్‌కి పొట్ట సంచి ఉండదు, ఒక్కసారి ఎక్కువ పెట్టినదంతా సరిగా అరక్కుండానే బయటికి వస్తుంది. చిన్న గుళికలు వాడండి. తూకం వెయ్యండి, చిటికెలతో కొలిస్తే చెయ్యి రోజురోజుకీ పెద్దదవుతుంది. మీరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా అవి నోళ్లు తెరుచుకుని వస్తాయి. అది ఆకలి కాదు, అలవాటు.

నీళ్లు వారానికి 10 శాతం మార్చండి, చివరి నెలల్లో వారానికి రెండుసార్లు. చలికాలం కుళాయి నీళ్లు 5 డిగ్రీలు ఉన్నాయనుకోండి, 20 డిగ్రీల తొట్టిలో 100 లీటర్లు మారిస్తే వేడి 18.5కి పడుతుంది. అది పర్లేదు. 200 లీటర్లు ఒక్కసారి మారిస్తే 17, అది చేపకి అనవసరమైన కుదుపు. పీపాలో ఒక రోజు ముందే నింపి గదిలో ఉంచుకుంటే ఈ బెడద ఉండదు. క్లోరిన్ రాత్రంతా గాలి ఆడిస్తే పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్‌కి అమ్మోనియా కలిపినది) పోదు. మీ నీటి సరఫరాలో ఏది కలుపుతారో కనుక్కుని, క్లోరమిన్ అయితే దానికి పనికొచ్చే కండిషనర్ వాడండి.

వసంతంలో పెద్ద తేడా కనిపిస్తుంది, కొన్ని పిల్లలు మిగతావాటికి రెండింతలు పెరిగి ఉంటాయి. కంగారు పడకండి, మామూలే. షోవా, షిరో ఉత్సురి లాంటి నలుపు ఉన్న కోయ్ రకాల్లో ఆ నలుపు వెచ్చటి నీళ్లలో మసకబారినట్టు ఉంటే దాన్నిబట్టి చేపని తీసిపారెయ్యకండి, చల్లటి నీళ్లకి వెళ్లాక చాలాసార్లు నలుపు తేరుకుంటుంది.

బయటికి వదిలే తొందర అందరికీ ఉంటుంది. ఎండ బాగుందని మధ్యాహ్నం థర్మామీటర్ చూడకండి, తెల్లవారుజామున చూడండి. వరసగా వారం పాటు అప్పుడు కూడా 15 పైన ఉంటే, లోపలి హీటర్‌ని రోజుకొక డిగ్రీ దించుతూ కొలను వేడికి తీసుకొచ్చి అప్పుడు మార్చండి. కొలను ఫిల్టర్ చలికాలమంతా నిద్రపోయి ఉంటుంది, చేపలు మాత్రం మూడింతల బరువుతో వస్తున్నాయి. లోపలి ఫిల్టర్ మీడియాని కూడా వాటితో పాటే బయటికి తీసుకెళ్లి కొలను ఫిల్టర్‌లో వెయ్యండి. బయట పెద్ద చేపలు ఉంటే అవి చలికాలం గడిపి నీరసంగా ఉంటాయి, వాటి ఒంటి మీద ఏముందో చూశాకే కలపండి.

తొట్టి కొనేముందు రెండు అంకెలు కావాలి: మీ కుళాయి నీళ్ల పీహెచ్, కేహెచ్. ఇప్పుడు కొలనులో ఏ రకం ఫిల్టర్ నడుస్తోందో కూడా రాయండి. అందులోంచి ఎంత మీడియా తియ్యొచ్చో, లోపలికి ఏ ఫిల్టర్ సరిపోతుందో దాన్నిబట్టి చెప్తాను.